లేక్ లేనియర్: నేను పెట్టిన షార్ట్‌లో తప్పు ఎక్కడుంది?

ఈ ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడుతున్నా. తప్పు నాదే.

పోయినేడాది సమ్మర్‌లో అమెరికా వెళ్లినప్పుడు జార్జియాలో లేక్ లేనియర్ ఒడ్డున నిలబడి ఒక షార్ట్ తీసి పెట్టాను. మీలో చాలామంది చూసే ఉంటారు, మన చానల్లో అన్నిటికన్నా ఎక్కువ తిరిగిన షార్ట్ అదే. "నా వెనకాల కనిపిస్తున్న ఈ నీళ్ల కింద ఒక ఊరుంది. నల్లజాతి వాళ్ల ఊరు. ప్రభుత్వం డ్యామ్ కట్టి ఆ ఊరిని ముంచేసి, వాళ్లను వెళ్లగొట్టింది. అందుకే ఈ సరస్సు ఇప్పటికీ మనుషుల్ని మింగుతోంది." వెనకాల హారర్ మ్యూజిక్. యాభై సెకన్లు. అయిపోయింది.

కామెంట్లలో "అన్నా గూస్‌బంప్స్" అని వందల మంది. వాటి మధ్యలో ఒకాయన రెండే లైన్లు రాశాడు. "తమ్ముడూ, వాళ్లను తరిమేసింది 1912లో. డ్యామ్ గేట్లు మూసింది 1956లో. మధ్యలో 44 ఏళ్లు ఎక్కడ పెట్టావు?"

నేను ఐదేళ్లు కోడ్ రాసినవాణ్ణి. లాగ్‌లో టైమ్‌స్టాంప్ చూడకుండా "బగ్ ఆ టీమ్‌దే" అనేసే జూనియర్లకు క్లాసు పీకినవాణ్ణి. అదే పని నేను చేశాను. రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసుంటే ఆ షార్ట్ పెట్టేవాణ్ణే కాదు. ఆ తర్వాత కొన్ని నెలలు దీని మీద చదివాను. చదివాక అర్థమైంది, అసలు కథలో నీళ్ల పాత్ర చాలా తక్కువ. అందుకే అది ఇంకా భయంగా ఉంది.

ముందు ఆ రోజు ఎలా జరిగిందో చెప్తా. మా అక్కా బావ ఉండేది కమ్మింగ్‌లో. అట్లాంటాకి ఉత్తరాన నలభై మైళ్లు. ఫోర్సైత్ కౌంటీకి అది హెడ్‌క్వార్టర్స్. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. మీ చుట్టాల్లోనో ఫ్రెండ్స్‌లోనో ఎవరో ఒకరు అటువైపే ఉండి ఉంటారు, ఆల్ఫారెటా, కమ్మింగ్, సువానీ. వీకెండ్ వస్తే అక్కడ మన వాళ్లందరికీ ఒకటే దారి, లేక్ లేనియర్. చుట్టూ పదుల కొద్దీ పార్కులు. పులిహోర డబ్బా, చిప్స్, మడత కుర్చీలు, కూలర్ బాక్స్, పిల్లలు, కుక్క.

కుక్క పేరు లడ్డూ. అక్కావాళ్ల లాబ్రడార్. ఉదయం ఏడింటికే బ్యూఫర్డ్ డ్యామ్ దగ్గరికి వెళ్లిపోయాం. అక్కడ లారెల్ రిడ్జ్ ట్రైల్ అని ఒకటుంది, సుమారు నాలుగు మైళ్ల లూప్. అడవిలోంచి ఎక్కుతూ దిగుతూ, మధ్యమధ్యలో చెట్ల సందుల్లోంచి నీళ్లు కనిపిస్తాయి. చిన్న చిన్న వాగుల మీద చెక్క వంతెనలు. లడ్డూ ప్రతి వాగులోనూ దిగాల్సిందే. అక్కడ కుక్కకు తాడు ఆరడుగులకి మించకూడదు, ఈత కొట్టే బీచ్‌లోకి కుక్కల్ని రానివ్వరు. అందుకే మేం వంతులు వేసుకున్నాం. బావ ఈత కొడితే నేను లడ్డూతో చెట్టు కింద, నేను దిగితే బావ.

డ్యామ్‌కి ఎగువన సరస్సు నీళ్లు ఎండాకాలంలో గోరువెచ్చగా ఉంటాయి. అదే డ్యామ్‌కి దిగువన చాటహూచీ నదిలో కాలు పెడితే ఐసే. ఎందుకంటే కరెంటు కోసం సరస్సు అడుగునుంచి నీళ్లు వదులుతారు, అడుగున ఎండ తగలదు. ఆ చల్లదనం వల్లే అక్కడ ట్రౌట్ చేపలు బతుకుతాయి. నీళ్లు వదిలే ముందు సైరన్ మోగిస్తారు. మోగిందంటే నదిలో ఉన్నవాళ్లు వెంటనే బయటికి రావాలి, నీళ్లు గబగబా పెరుగుతాయి.

ఇలాంటి చక్కని రోజున, బీచ్ పక్కన నిలబడి, ఫోన్‌లో ఎవరిదో రీల్ చూసి, అదే తెలుగులో చెప్పేశాను. ఇప్పుడు మెల్లగా, వరసగా చెప్తాను.

అసలు ఇది సహజమైన సరస్సు కాదు. చాటహూచీ, చెస్టటీ అనే రెండు నదుల మీద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ చేసిన రిజర్వాయర్. 1950లో పని మొదలైంది. 1956 ఫిబ్రవరి 1న గేట్లు మూశారు. ఆ తర్వాత నీళ్లు మెల్లగా ఏడాదికి పైగా నిండుతూ వచ్చాయి. విస్తీర్ణం దాదాపు 38,000 ఎకరాలు, అంటే మన హుస్సేన్ సాగర్ లాంటివి పాతిక దాకా పడతాయి. ఒడ్డు పొడవు 692 మైళ్లు. వరదలు ఆపడం, కరెంటు, నదిలో పడవల రాకపోకలకు నీళ్లు, ఇవీ కాగితం మీద కారణాలు. అట్లాంటాకి తాగునీళ్ల సంగతి ఆ కారణాల్లో ఉందా లేదా అని జార్జియా, అలబామా, ఫ్లోరిడా దశాబ్దాల పాటు కోర్టుల్లో కొట్టుకున్నాయి. మన కృష్ణా జలాల పంచాయితీ తెలిసినవాళ్లకి ఆ కథ కొత్తగా అనిపించదు. ఇంకొక చిన్న విషయం, ఈ డ్యామ్ కోసం గట్టిగా పట్టుబట్టినవాళ్లలో అట్లాంటా మేయర్ విలియం హార్ట్స్‌ఫీల్డ్ ఒకడు. మీరు అట్లాంటాలో దిగే ఎయిర్‌పోర్ట్ పేరులో మొదటి సగం ఆయనదే. సరస్సుకి పెట్టింది సిడ్నీ లేనియర్ అనే కవి పేరు. చాటహూచీ నది మీద కవిత రాశాడు. అంతర్యుద్ధంలో బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది సైన్యంలో సైనికుడు కూడా.

మరి నీళ్ల కింద ఏముంది? ఉన్నాయి. పొలాలు, రోడ్లు, పాత వంతెనలు, ఇళ్ల పునాదులు. డ్యామ్ కోసం ప్రభుత్వం యాభై వేల ఎకరాలకు పైగా సేకరించింది. సుమారు 250 కుటుంబాలు, 15 వ్యాపారాలు, 20 శ్మశానాలు తరలించారని లెక్క. గెయిన్స్‌విల్ దగ్గర లూపర్ స్పీడ్‌వే అని కార్ల రేసు ట్రాక్ ఒకటుండేది. 2007 కరువులో నీళ్లు బాగా దిగినప్పుడు ఆ ట్రాక్ కాంక్రీటు మెట్లు బయటపడ్డాయి. జనం వెళ్లి వాటి మీద కూర్చుని ఫొటోలు దిగారు.

ఇది వింటే మనకు సంగమేశ్వరం గుర్తొస్తుంది కదా. శ్రీశైలం నీళ్లు తగ్గిన ఎండాకాలంలో గుడి బయటపడుతుంది, జనం పూజలు చేస్తారు, మళ్లీ వానలొస్తే మునిగిపోతుంది. శ్రీశైలం కింద ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలు మన వ్యూయర్స్‌లోనే ఉన్నారు, నాకు తెలుసు. ఆ షార్ట్ అంతగా తిరగడానికి అదీ ఒక కారణమేమో. మునిగిన ఊరు అనగానే మనకు లోపల ఏదో కదులుతుంది.

కానీ 1956లో లేనియర్ నీళ్లకు భూమి వదిలిన రైతులకు డబ్బు ఇచ్చారు. తక్కువ ఇచ్చారని చాలామంది బాధపడ్డారు, అది వేరే సంగతి. ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఫోర్సైత్ కౌంటీ వైపు ఆ డబ్బు అందుకున్నవాళ్లలో నల్లజాతి రైతు ఉండే అవకాశం దాదాపు లేదు. ఎందుకంటే అప్పటికి ఆ కౌంటీలో నల్లజాతి వాళ్లే లేరు. వాళ్లు లేకుండా పోయింది నీళ్ల వల్ల కాదు.

ఇప్పుడు 1912కి వెళ్దాం. ఈ భాగం పిల్లలు పక్కన ఉంటే తర్వాత వినండి.

1910 జనాభా లెక్కల్లో ఫోర్సైత్‌లో నల్లజాతి వాళ్లు 1,098 మంది. మొత్తం జనాభాలో పదోవంతు దగ్గర. కూలీలు, కౌలు రైతులు ఎక్కువ. సొంత భూమి ఉన్నవాళ్లూ ఉన్నారు. జోసెఫ్ కెల్లాగ్ అనే ఆయనకు దాదాపు 200 ఎకరాలుండేవి. వాళ్లకు సొంత చర్చీలు ఉన్నాయి. బానిసత్వం పోయి అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు, అది గుర్తుపెట్టుకోండి. 200 ఎకరాలు అంటే ఎంత కష్టం మీద వచ్చి ఉంటుందో.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఆస్కార్‌విల్ అనే పల్లె దగ్గర మే క్రో అనే పద్దెనిమిదేళ్ల తెల్ల అమ్మాయి మీద ఘోరమైన దాడి జరిగింది. అడవిలో స్పృహ లేకుండా దొరికింది, రెండు వారాలకి చనిపోయింది. ఆస్కార్‌విల్, రీల్స్‌లో "మునిగిపోయిన నల్లవాళ్ల ఊరు" అని చూపించే పేరు ఇదే. నిజానికి అది తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఇద్దరూ ఉన్న వ్యవసాయపు పల్లె. దాని పొలాల్లో కొంత తర్వాత నీళ్ల కిందికి వెళ్లిన మాట నిజం. ఆ పేరుతో చోటు ఇప్పటికీ ఒడ్డు మీద ఉంది.

దాడి చేశాడని ఎర్నెస్ట్ నాక్స్ అనే పదహారేళ్ల కుర్రాణ్ణి పట్టుకున్నారు. చంపేస్తామని బెదిరించి ఒప్పించారు. ఒప్పుకున్నాడు. పదహారేళ్లు, అంటే మన ఇంటర్ ఫస్టియర్ పిల్లాడు. ఆ తర్వాత ఇంకొందరిని పట్టుకున్నారు. వాళ్లలో రాబ్ ఎడ్వర్డ్స్ అనే యువకుణ్ణి కమ్మింగ్ జైల్లో పెట్టారు. సెప్టెంబర్ 10న మూక జైలు మీద పడింది. అతన్ని చంపి, శవాన్ని ఊరి నడిమధ్యలో టెలిఫోన్ స్తంభానికి వేలాడదీశారు. విచారణ లేదు, జడ్జి లేడు. పట్టపగలు.

నాక్స్‌కీ, ఆస్కార్ డేనియల్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ మాత్రం విచారణ "జరిగింది". అక్టోబర్ 3న, సైనికుల కాపలాలో. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. తీర్పులు చకచకా వచ్చేశాయి. అక్టోబర్ 25న ఇద్దరినీ ఉరి తీశారు. ఉరి జనం చూడకుండా జరగాలని జడ్జి ఆదేశం, అందుకని చుట్టూ కంచె కట్టారు. ముందు రోజు రాత్రి ఆ కంచెను కాల్చేశారు. మర్నాడు చుట్టూ కొండవాలు మీద వేలమంది కూర్చుని చూశారు, జాతరకి వచ్చినట్టు.

ఇంతవరకూ చదివినప్పుడు, ఘోరం, అన్యాయం, అయితే ఆ కాలంలో ఆ దేశంలో ఇలాంటివి ఇంకా చాలా జరిగాయి అనుకున్నాను. దీని తర్వాత జరిగింది మాత్రం వేరు.

సెప్టెంబర్, అక్టోబర్ రెండు నెలలూ రాత్రుళ్లు గుర్రాల మీద మనుషులు తిరిగారు. వాళ్లకు నైట్ రైడర్స్ అని పేరు. నల్లవాళ్ల ఇళ్ల మీద కాల్పులు. చర్చీలకు నిప్పు. ఫలానా రోజులోగా వెళ్లకపోతే ఏం జరుగుతుందో చెప్పే బెదిరింపులు. వాళ్లను పనిలో పెట్టుకున్న తెల్ల భూస్వాములకు కూడా బెదిరింపులు. కేసుతో సంబంధం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, 200 ఎకరాల ఆసామి, అందరూ ఒకటే. కోతల కాలం. పత్తి చేలోనే ఉంది. వదిలేసి బండి కట్టుకుని వెళ్లిపోయారు. చాలామంది నది దాటి పక్కనున్న హాల్ కౌంటీలో గెయిన్స్‌విల్ చేరారు. అప్పుడది నది, దాటొచ్చు. ఇప్పుడు మనం జెట్‌స్కీ వేసుకుని తిరిగేది ఆ నది మీదే.

వెయ్యికి పైగా మనుషులు. కొన్ని వారాల్లో దాదాపు సున్నా.

ఇక నన్ను నిద్రపోనివ్వని భాగం. భూమి ఏమైంది?

కొందరు వచ్చినకాడికి అమ్ముకున్నారు. పారిపోతున్నవాడి దగ్గర కొనేవాడు ఎంత ఇస్తాడో మీకు చెప్పక్కర్లేదు. కొన్ని భూములకు మాత్రం అమ్మినట్టు కాగితమే లేదు. రిజిస్టర్‌లో చివరి పేరు నల్లజాతి యజమానిది. ఆ తర్వాత పక్క పొలం తెల్ల రైతు వచ్చి దున్నడం మొదలుపెట్టాడు. కంచె జరిపాడు. వెళ్లి ఆ భూమికి పన్ను కట్టాడు. కట్టించుకున్నారు. కౌంటీ ఆఫీసులో గుమాస్తాకి తెలియదా ఈ భూమి ఎవరిదో? తెలుసు. అది చిన్న ఊరు. అందరికీ అందరూ తెలుసు.

మనం దీన్ని ఒక్క మాటలో చెప్తాం. కబ్జా.

ఇంగ్లీషు చట్టం నుంచి వచ్చిన ఒక సూత్రం ఉంది. ఒకడు వేరేవాడి భూమిలో బహిరంగంగా, అడ్డు లేకుండా ఇన్నేళ్లుంటే, అసలు యజమాని అడగకపోతే, భూమి వాడిదే అయిపోతుంది. మన దేశంలో ప్రైవేటు భూమికి ఆ గడువు 12 ఏళ్లు. జార్జియాలో 20. చేతిలో ఏదో ఒక పత్రం, అది చెల్లని పత్రమైనా సరే, నిజమని నమ్మి ఉంటే 7 ఏళ్లే. సూత్రం ఉద్దేశం ఏంటంటే, యజమాని పట్టించుకోని భూమి మీద ఎప్పటికీ గొడవలు ఉండకూడదని. కానీ యజమాని వచ్చి "ఇది నాది" అంటే కాల్చేసే ఊళ్లో ఆ గడువుకి అర్థం ఏముంది? వాళ్లు అడగలేదు అని చట్టం రాసుకుంది. అడగలేకపోయారు అన్న మాటకి ఆ ఫారంలో కాలమ్ లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే అంతకుముందు ఆ భూమి చెరోకీలది. పైన డాలోనెగా దగ్గర బంగారం దొరికింది. 1832లో జార్జియా ప్రభుత్వం చెరోకీల భూమిని ముక్కలు చేసి లాటరీ తీసింది, అవును, నిజంగానే లాటరీ, బంగారం ఉన్నచోట నలభై ఎకరాల ముక్కలు. ఫోర్సైత్ కౌంటీ పుట్టింది కూడా ఆ ఏడాదే. 1838లో చెరోకీలను సైన్యం పెట్టి పంపించేశారు. కమ్మింగ్ దగ్గర మీరు హైకింగ్‌కి వెళ్లే సానీ మౌంటెన్‌కి ఆ పేరు ఒక చెరోకీ మనిషిది. పేరు మాత్రం మిగిలింది.

ఇప్పుడు నా షార్ట్‌లో తప్పు సంగతి. తేదీ ఒక్కటే తప్పైతే సారీ అని పిన్ కామెంట్ పెట్టి ఊరుకునేవాణ్ణి. నా తప్పు పెద్దది. "ప్రభుత్వం డ్యామ్ కట్టి ముంచింది" అన్నప్పుడు చేసింది ఎవరో పేరు లేని, ముఖం లేని ఒక సర్కారు అయిపోతుంది. "నీళ్ల కింద ఉంది" అన్నప్పుడు ఇక వెతకడానికి ఏమీ ఉండదు, పోయింది, మునిగింది. కానీ ఆ భూముల్లో నీళ్ల కిందికి వెళ్లింది కొంతే. మిగతావి పొడి నేల మీదే ఉన్నాయి. వాటి మీద ఇళ్లు, షాపింగ్ ప్లాజాలు, స్కూళ్లు. చేసింది ఇరుగుపొరుగు వాళ్లు, పేర్లున్నవాళ్లు. పత్రాలు కౌంటీ రికార్డుల్లో ఉన్నాయి. ప్యాట్రిక్ ఫిలిప్స్ అనే ఆయన ఆ కౌంటీలోనే పెరిగి, 2016లో దీని మీద పుస్తకం రాశాడు. ఆయన వెతికింది నీళ్లలో కాదు, కాగితాల్లో.

దెయ్యాల గురించి కూడా ఒక్క మాట, లేకపోతే కామెంట్లలో అదే అడుగుతారు. 1958లో ఇద్దరు మహిళలు ఉన్న కారు వంతెన మీంచి సరస్సులో పడిపోయింది. కారు 1990లో గానీ దొరకలేదు. దాని చుట్టూ దెయ్యం కథ అల్లారు. ఇక మునిగి చనిపోయేవాళ్ల సంగతి, ఏడాదికి కోటి మంది దాకా వచ్చే చోటు అది. బీచ్‌ల దగ్గర లైఫ్‌గార్డులు ఉండరు. నీళ్లు మసకగా ఉంటాయి, నాలుగడుగులు వేస్తే లోతు ఒక్కసారిగా పడిపోయే చోట్లు ఉన్నాయి, కొన్నిచోట్ల అడుగున పాత చెట్ల మోడులు అలాగే నిలబడి ఉన్నాయి. బోట్లు, బీర్లు. దెయ్యం అక్కర్లేదు. అమెరికా సరస్సుల్లో మన తెలుగు స్టూడెంట్స్ మునిగిపోయిన వార్తలు ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం. బావిలోనో చెరువులోనో ఈత వచ్చు కదా అని దిగకండి. లైఫ్ జాకెట్ వేసుకోండి. తాడు కట్టిన హద్దు దాటకండి. ఇది నేను షార్ట్‌లో చెప్పాల్సిన మాట, హారర్ మ్యూజిక్ పెట్టి శాపం అన్నాను.

సరే, మళ్లీ ఫోర్సైత్‌కి వద్దాం. 1912 తర్వాత ఏం జరిగింది? ఏమీ జరగలేదు. అదే జరిగింది. డెబ్బై ఏళ్లకు పైగా ఆ కౌంటీ తెల్లవాళ్లదే. దారిన పోయే నల్లజాతి డ్రైవర్లను కూడా బెదిరించేవాళ్లు. 1956లో సరస్సు వచ్చింది, వీకెండ్ బోట్లు వచ్చాయి, సరస్సు పక్క స్థలాలకు రేట్లు వచ్చాయి. ఒడ్డు బాగుపడింది, ఎవరికి బాగుపడాలో వాళ్లకు.

1987 జనవరి 17న హోసియా విలియమ్స్, మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి పనిచేసిన ఆయన, చిన్న గుంపుతో కౌంటీలో నడవడానికి వచ్చాడు. రాళ్లు, సీసాలు విసిరారు. టీవీలో దేశమంతా చూసింది. వారం తిరక్కుండా జనవరి 24న దాదాపు 20,000 మంది వచ్చి కమ్మింగ్‌లో నడిచారు. కాపలాకి నేషనల్ గార్డ్ సైనికులు దిగారు. వచ్చే నెలలో ఓప్రా విన్‌ఫ్రీ తన షోని కమ్మింగ్ నుంచే చేసింది. అయినా 1990 జనాభా లెక్కల్లో ఆ కౌంటీలో నల్లజాతి వాళ్లు ఎంతమందో తెలుసా? 44,083 మందిలో 14 మంది. పద్నాలుగు వందలు కాదు, పద్నాలుగు.

ఆ తర్వాత ఆఫీసులు ఉత్తరానికి జరిగాయి. జార్జియా 400 హైవే పక్కన ఆల్ఫారెటాలో టెక్ కంపెనీలు. మంచి స్కూళ్లు. అప్పుడు మన వాళ్లు వచ్చారు. 2020 లెక్కల్లో ఫోర్సైత్ జనాభా రెండున్నర లక్షలు దాటింది, అందులో ఏషియన్లు పద్దెనిమిది శాతం దగ్గర. వాళ్లలో భారతీయులే ఎక్కువ. మా అక్కావాళ్ల వీధిలో సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే సగం ఇళ్లలోంచి పోపు వాసన వస్తుంది.

ఇండియా వచ్చి ఇదంతా చదివాక బావకి ఫోన్ చేశాను. "బావా, నీ ఇంటి స్థలం 1912లో ఎవరిదో తెలుసా?" అన్నాను. "టైటిల్ క్లియర్‌గా ఉంది రా, లాయర్ చూశాడు, ఇన్సూరెన్స్ కూడా తీసుకున్నాం" అన్నాడు. తన తప్పేం లేదు. అక్కడ ఇల్లు కొనేటప్పుడు టైటిల్ సెర్చ్ చేస్తారు, కానీ సాధారణంగా కొన్ని దశాబ్దాల వెనక్కే వెళ్తారు. 1912 దాకా వెళ్లాల్సిన పని ఉండదు. వెళ్లినా కనిపించేది ఒక పేరు ఆగిపోవడం, ఇంకో పేరు మొదలవడం. మధ్యలో ఏం జరిగిందో రాసి ఉండదు. బావ స్థలం అలాంటిదని నేను అనడం లేదు. అలాంటిది కాదని చెప్పడానికి బావ దగ్గరున్న కాగితం సరిపోదు, అంతే.

కాసేపు బావ ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఏం చేయమంటావ్, ఇల్లు అమ్మేయమంటావా?" అన్నాడు. కొంచెం కోపంగానే. నా దగ్గర జవాబు లేదు. ఊళ్లో రాబ్ ఎడ్వర్డ్స్ పేరు మీద ఒక బోర్డు ఉందట, వెళ్లి ఫొటో తీసి పంపు అన్నాను.

ఆ బోర్డు 2021లో పెట్టారు. మూకల చేతుల్లో చనిపోయినవాళ్ల కోసం దేశమంతటా పెడుతున్న గుర్తుల్లో అదొకటి. ఆ తర్వాత ఏడాది అక్కడి కొన్ని చర్చీల వాళ్లు 1912లో వెళ్లిపోయిన కుటుంబాల వారసుల పిల్లలకి స్కాలర్‌షిప్ కూడా మొదలుపెట్టారు. భూమి తిరిగి ఇవ్వడం మాత్రం ఎక్కడా లేదు.

శనివారం బావ ఫొటో పంపాడు. ఎత్తైన మెటల్ బోర్డు, చిన్న అక్షరాలు, కింద గడ్డి, ఒక మూల లడ్డూ తోక. "రోజూ ఇటునుంచే ఆఫీసుకి పోతాను, ఇదేదో సిటీ హిస్టరీ బోర్డు అనుకున్నా" అని మెసేజ్. పది నిమిషాలకి ఇంకోటి. "మొత్తం చదివాను. మీ అక్క కూడా చదివింది. పిల్లోడు స్కూల్లో ఇది చెప్పలేదు అంటున్నాడు."

ఆ పాత షార్ట్ తీసేశాను. ఎవరైనా డౌన్‌లోడ్ చేసి రీఅప్‌లోడ్ చేసి ఉంటే, కింద ఈ ఎపిసోడ్ లింక్ పెట్టండి. ఆ రెండు లైన్ల కామెంట్ రాసిన అన్నా, షార్ట్‌తో పాటు మీ కామెంట్ కూడా పోయింది, సారీ. మీరు ఇది చూస్తుంటే మళ్లీ అదే కామెంట్ ఇక్కడ పెట్టండి, పిన్ చేస్తా. ఉంటాను.